ఎర్రచీర వెనుక వైపు

ఈ వానాకాలం మానుకోటలో మా దుకాణంలోకి నీళ్లు వచ్చి పోయాక షట్టర్ ఎత్తితే ముందుగా తగిలింది వాసన. తడిసిన గుడ్డ వాసన కాదు, దానికి సిద్ధపడే వెళ్లాను. పుల్లగా, కాస్త మాడినట్టుండే చింతగింజల గంజి వాసన. మూలన పెట్టిన అట్టపెట్టెలో ఎప్పటిదో ఒక రవికె ముక్క తడిసి, దానికి పూసిన గంజి మెత్తబడి దుకాణమంతా ఆ వాసన నింపింది. నేను లెక్కల మనిషిని. అందుకని బురద ఎత్తే ముందు పోయినవి లెక్కపెట్టాను. కుట్టుమిషన్లు రెండు, ఓవర్‌లాక్ మిషన్ ఒకటి. లైనింగ్ గుడ్డ తానులు ఏడు. నిలువుటద్దం ఒకటి; అది పగలలేదు గాని వెనుక పూత లేచిపోయి అందులో మనిషి మనిషిలా కనబడటం లేదు. అప్పగించాల్సిన జతలు పదకొండు, వాటిలో మూడు పెళ్లివి. నేనూ, ఈ దుకాణం పెట్టిన పద్మక్కా కుట్టి దాచుకున్న నమూనా ముక్కలు రెండు వందలకు పైగా. ఎండబెడితే బతికినవి ముప్పై ఒకటి. పద్మక్కను మాత్రం ఈ లెక్కలో ఎక్కడ చేర్చాలో తెలియలేదు. ఆమె ఈ నీళ్లు రావడానికి ఏడాది ముందే పోయింది.

పద్మక్క దుకాణం బోర్డు మీద లేడీస్ టైలర్ అనే ఉండేది. ఆమె మాత్రం తన పనిని జతలు కూర్చడం అనేది. ఎవరింట్లోనైనా మంచి పనితనం ఉన్న పాత గుడ్డ ఉంటే, అది బొంత కావచ్చు, జంపఖానా కావచ్చు, లంబాడీ తండాలో కుట్టిన అద్దాల ఘాగ్రా కావచ్చు, దాన్ని చూసి ఈ కాలంలో కట్టుకోగలిగే బట్టలు కూర్చేది. కూర్చే ముందు ఆ గుడ్డను తిరగేసేది. అది ఆమెకు పట్టిన పిచ్చి. ఏ గుడ్డ చేతికి వచ్చినా ముందు వైపు రెండు క్షణాలు చూసి, వెనుక వైపు అరగంట చూసేది. బస్సులో పక్క సీటు మనిషి శాలువా అంచు కూడా మెల్లగా మడిచి చూసేది. ఒక పెళ్లి పందిట్లో ముందు వరుసలో కూర్చున్న పెద్దావిడ కొంగు ఇలాగే తిరగేస్తుంటే ఆమె వెనక్కి తిరిగి, "ఏందవ్వా, నా కొంగుల నీ చిల్లర ఏమన్న పడ్డదా?" అని అడిగింది. పద్మక్క ఏమాత్రం సిగ్గుపడకుండా, "లేదక్కా, నీ కొంగు ముందర కంటే ఎనుక మంచిగున్నది, అది చూస్తున్న" అన్నది. భోజనాలయ్యే సరికి ఆ ఇద్దరూ దగ్గరి చుట్టాల్లా మాట్లాడుకుంటున్నారు.

నేను ఆమె దగ్గర చేరడం కూడా విచిత్రంగానే జరిగింది. మాది దేవరుప్పుల. మా నాయిన పత్తి తూకం వేసేవాడు. ఏడో తరగతితో నా బడి ఆగింది గాని, తూకం దగ్గర నిలబడి నేర్చుకున్న లెక్కలు ఆగలేదు. ఏ వస్తువు చూసినా అది ఎంతలో సరిపోతుంది, ఎంత మిగులుతుంది అని మనసులో నడుస్తూ ఉంటుంది. పెళ్లయి మానుకోట వచ్చిన చాలా ఏళ్లకు, ముప్పై దాటాక, ఒకరోజు రవికెలు ఇవ్వడానికి పద్మక్క దుకాణానికి వెళ్లాను. ఆమె ఎవరికో పావడాకూ రవికెకూ ఎంత గుడ్డ కావాలో చెబుతోంది. పావు మీటరు ఎక్కువ చెబుతున్నారని నోరు జారాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. చేతికి సుద్ద ఇచ్చి, ఆ బొమ్మల గుడ్డ మీదే గీసి చూపించమన్నది. నేను ముక్కలను అటు ఇటు తిప్పి సర్దాను. సరిగ్గా పావు మీటరు మిగిలింది. గర్వంగా తలెత్తి చూశాను.

"లెక్క మంచిగున్నది," అన్నది పద్మక్క. "గని ఈ రవికె చెయ్యి మీద నెమలిని చూడు. తల కిందికి పెట్టి కాళ్లు మీదికి పెట్టింది. దానికి ఏమైంది?"

నేను చూసుకున్నాను. ముక్కను తిప్పితేనే గుడ్డ మిగులుతుంది. తిప్పితే నెమలి తలకిందులవుతుంది. ఆమె నవ్వి, రేపటి నుంచి రమ్మన్నది. గుడ్డ ఎంత పడుతుందో నన్ను చూసుకోమన్నది, నెమలి తల ఎటున్నదో తను చూసుకుంటానన్నది. ఆ రోజు మొదలు మా పని అట్లాగే పంచుకున్నాం. నన్ను లెక్కల పిల్ల అని పిలిచేది, నా తల నెరిసిన తర్వాత కూడా.

ఆమెకు ఒక నియమం ఉండేది. పాత గుడ్డను కోయదు. తండా నుంచి ఒక అమ్మాయి తన నానమ్మ ఘాగ్రా తెచ్చి, దీన్ని కోసి గౌను కుట్టమని అడిగింది. నేను టేపు తీసి కొలవడం మొదలుపెట్టాను, గౌను హాయిగా వస్తుంది. పద్మక్క టేపు లాక్కున్నది. "దీన్ని కోస్తే నీకు ఒక్క గౌను వస్తది బిడ్డా. దీన్ని చూసి కుడ్తే ఎన్నయిన వస్తయి," అన్నది. మూడు రోజులు ఆ ఘాగ్రాను ఎదురుగా తాడు మీద వేలాడదీసుకుని కూర్చుంది. ఏ రంగు పక్కన ఏ రంగు వస్తోంది, కుట్టు ఎక్కడ చిక్కగా ఉంది, ఎక్కడ వదిలేశారు, అద్దం చుట్టూ దారం ఎటు తిరిగింది, ఒక్కొక్కటి నన్ను అడిగేది. నాకు లెక్కలు తప్ప జవాబులు తెలియవు. అయినా అడిగేది. అట్లా అడగ్గా అడగ్గా కొన్నాళ్లకు నేనే ముందు చూడటం మొదలుపెట్టాను. చివరికి ఆ అమ్మాయికి నల్లటి పొడుగు గౌను కుట్టాం. అద్దాలు మెడ దగ్గరా మణికట్ల దగ్గరా మాత్రమే. ఘాగ్రాను అలాగే మడిచి తిరిగి ఇచ్చాం. నానమ్మ దాన్ని చూసి ఏమన్నదో కనుక్కోవడానికి పద్మక్క తండా దాకా ఆటో కట్టించుకుని వెళ్లింది.

ఆమె జీవితంలో అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టిన జత లలిత అనే అమ్మాయిది. లలిత భూపాలపల్లి దగ్గర చెల్పూర్‌లో బడిలో టీచరు. వాళ్ల ఊరు పాలకుర్తి దగ్గర. వాళ్ల నాయిన ఐలయ్య పటం కథ చెప్పేవాడు. పటం అంటే నిలువుగా, చాలా పొడుగ్గా ఉండే బొమ్మల గుడ్డ. చింతగింజల గంజీ సుద్దమట్టీ పూసి గట్టిపరిచిన గుడ్డ మీద, ఎర్రటి రంగు వేసి, అడ్డపట్టీలుగా బొమ్మలు రాస్తారు. పై నుంచి కిందికి కథ నడుస్తుంది. కథకుడు కర్రతో ఒక్కో బొమ్మనూ చూపిస్తూ చెబుతాడు. ఆ ఇంట్లో తరతరాలుగా ఒకే కథ, ఒక తల్లి దేవత కథ, ఆమె వెంట నడిచే ఆవుల మంద కథ. పటం పాతబడితే కొత్తది రాయించి, కొత్తదాని ముందు కథ చెప్పి, పాతదాన్ని పూజ చేసి నీళ్లలో వదలాలి. ఐలయ్య కొత్త పటం రాయించాడు. కానీ గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆయన స్వరం పట్టుమని పది నిమిషాలు నిలవడం లేదు. కొడుకుల్లేరు. కథ మొత్తం నోటికి వచ్చింది లలితకే. ఆమె చెబుతానన్నది. ఆయన వద్దనలేదు, ఒక్క ప్రశ్న వేశాడు.

ఆ ప్రశ్నను లలిత మా దుకాణంలో కూర్చుని, నాయిన గొంతుతోనే చెప్పింది. "మొగోళ్లకు పంచె ఉన్నది, అంగి ఉన్నది, తలపాగ ఉన్నది. ఆడిదానికి ఈ కథల వేషమే లేదు. బడికి పోయే చీర కట్టుకొని దేవుని కథ చెప్తవా?"

ఆ వేషం కూర్చమని ఆమె వచ్చింది. కుదరకపోతే ఆమె చెప్పదు. ఆమె చెప్పకపోతే పాత పటాన్ని నీళ్లలో వదలడానికి ఉండదు, కొత్త పటం చుట్టిన చుట్టలాగే ఉండిపోతుంది. పద్మక్క ఆ మాట విని, పటం ఎక్కడుందో, తను చూడవచ్చో లేదో అడిగింది.

ఐలయ్య పాత పటం విప్పి చూపించాడు గాని షరతులు పెట్టాడు. ఒంటి మీద దేవుళ్ల బొమ్మలు ఉండకూడదు. ఆవులు ఉండవచ్చు. కానీ ఆ ఆవుల మీద కూర్చోకూడదు, వాటికి కాలు తగలకూడదు. కథ మొదలయ్యే రోజు పూజ అయ్యేదాకా ఆ వేషాన్ని ఎవ్వరూ ఒంటి మీద వేసుకోకూడదు, లలిత కూడా. పద్మక్క అన్నిటికీ తలూపింది.

మొదట పటం రాసే పద్ధతిలోనే ఒక రవికె ముక్కకు గంజి పూసి, ఎర్ర రంగు వేసి కుట్టి చూశాం. చెయ్యి వంచగానే ఎండిన చెరువులా పగిలి పెళ్లలు పెళ్లలుగా రాలింది. నాకు ఉసూరుమనిపించింది. పద్మక్క మాత్రం రాలిన పెళ్లలను అరచేతిలో వేసుకుని, ఎక్కడ ముందు పగిలిందో చూస్తూ సంబరపడింది. ఇది గోడకు పుట్టిన గుడ్డ, మోచేతికి పుట్టింది కాదు అన్నది. అప్పుడు దారి మార్చాం. కొడకండ్లలో నేసిన ఎర్రటి నూలు చీర తీసుకున్నాం. పటంలోని తెలుపు, నీలం, పసుపు రంగుల గుడ్డతో ఆవులను కత్తిరించి అతికి, చుట్టూ నల్ల దారంతో గీత కుట్టాలని అనుకున్నాం. మిగిలింది నా పని. అయిదున్నర మీటర్ల చీరలో ఎక్కడ ఆవు పెడితే ఎవరూ దాని మీద కూర్చోరు?

మొదట కాగితం మీద లెక్క వేశాను. పద్మక్క కాగితం పక్కన పెట్టించింది. ఒక తెల్లటి పాత చీరకు జానెడుకొక ఎర్ర దారం ముడి వేసి, ఇద్దరం బస్సెక్కి హన్మకొండ మీదుగా చెల్పూర్ వెళ్లాం. లలిత ఆ చీర కట్టుకుంది. నిలబడింది, కూర్చుంది, మెట్లెక్కింది, బోర్డు మీద రాస్తున్నట్టు చెయ్యెత్తింది, కింద పడ్డ సుద్దముక్క తీసినట్టు వంగింది. ప్రతిసారీ నేను చుట్టూ తిరిగి ఏ ముడి ఎక్కడికి పోయిందో రాసుకున్నాను. పక్కింటివాళ్లు కిటికీలోంచి చూసి, ఈ అమ్మాయికి ఏం జబ్బు అని అడిగారట. ఇరవై అయిదు ముడుల్లో కుచ్చిళ్లలోకి పోయేవి, కిందికి పోయేవి, కాళ్లకు తగిలేవి తీసేస్తే ఎనిమిది మిగిలాయి. కుడి నడుము నుంచి ఎడమ భుజం దాకా నాలుగు, భుజం దాటి వీపు మీద కొంగు చివరి దాకా నాలుగు. కూర్చునేటప్పుడు కొంగును ఒడిలోకి లాక్కుంటే చాలు. జానెడుకు రెండు చొప్పున పదహారు ఆవులు. నా లెక్క ఎంత నిక్కచ్చిగా ఉందంటే, ఆ సంబరానికి తిరుగు బస్సులో నిద్ర పట్టలేదు.

చీరను బల్ల మీద పరిచి కుట్టాం. పదహారు ఆవులు వరుసగా, అన్నిటి కాళ్లూ నడుము వైపు, అన్నిటి వీపులూ కొంగు చివరి వైపు. బల్ల మీద అది అచ్చం తాడుకు వేలాడే పటంలాగే ఉంది. పద్మక్క నాలుగు వైపుల నుంచీ చూసింది, తిరగేసి కుట్టు వెనుక భాగం కూడా చూసింది. అంతా బాగుందన్నది.

కథ మొదలయ్యే రోజు పొద్దున మేమిద్దరం లలిత వాళ్ల ఊరికి వెళ్లాం. కథ సాయంత్రం. పూజ అయింది, లలిత చీర కట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ముందు నుంచి చూస్తే నడుము దగ్గర బయలుదేరిన మంద భుజం దాకా ఎక్కుతూ ఉంది. ఐలయ్య ముఖం విప్పారింది. తర్వాత ఆమె వెనక్కి తిరిగింది. వీపు మీద ఎనిమిది ఆవులు కాళ్లు ఆకాశానికి పెట్టి వేలాడుతున్నాయి.

చీర భుజం దాకా పైకి ఎక్కుతుంది, భుజం దాటాక కిందికి దిగుతుంది. ఇంత చిన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. చెల్పూర్‌లో మేము ముడులతో చూశాం. ముడికి తలా ఉండదు, కాళ్లూ ఉండవు. నెమలి తల ఎటున్నదో తను చూసుకుంటానన్న మనిషి నా పక్కనే, నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

ఐలయ్య అరవలేదు. ఆయనకు అరిచే గొంతు లేదు. "మంద సచ్చి ఎల్లకిల పడ్డట్టున్నది. ఇది కట్టుకొని కథ చెప్పద్దు బిడ్డా," అని గుసగుసగా అన్నాడు. లలిత కళ్లు తుడుచుకుని, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లబోయింది. సాయంత్రంలోపు ఎనిమిది ఆవులను విప్పి తిప్పి కుట్టగలమా అని నేను లెక్క వేస్తున్నాను. కాదని తేలింది.

పద్మక్క సర్దిచెప్పలేదు, బతిమాలలేదు. తప్పు తనదే అన్నది. ఆ తర్వాత, ఎలాగూ ఇంత దూరం వచ్చాం గనుక, పటం కట్టి కథ చెప్పేటప్పుడు ఎట్లా జరుపుతారో ఒకసారి చూపిస్తారా అని అడిగింది. ఆ సమయంలో ఆ కోరిక ఏమిటని నాకు ఒళ్లు మండింది. ఐలయ్య మర్యాదస్తుడు, పాత పటం తెచ్చాడు. వాకిట్లో రెండు గుంజల మధ్య తాడు కట్టి, దాని మీద పటం వేశాడు. వాళ్ల ఇంటి పద్ధతి ఏమిటంటే, పై పట్టీ కథ అయిపోగానే గుడ్డను తాడు మీదుగా వెనక్కి లాగుతారు. చెప్పిన భాగం వెనక్కి జారుతుంది, చెప్పాల్సిన భాగం పైకి వస్తుంది. ఆయన కర్ర పట్టుకుని ముందు నిలబడ్డాడు. లలిత అలవాటుగా వెనక్కి వెళ్లి గుడ్డ లాగుతోంది. నేను ముందు నిలబడి చూస్తున్నాను. పద్మక్క ఎప్పుడు వెళ్లిందో, తాడు వెనుక ఉంది.

"పెద్దనాయినా, జర ఇటు రా," అని పిలిచింది. "నీ ఆవులు గూడ ఎల్లకిలనే ఉన్నయి."

ఐలయ్య కదల్లేదు. అప్పుడు లలిత, చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని, మెల్లగా అన్నది. "బాపూ, అమ్మ ఎప్పుడు గీడనే నిలబడేది. నేను అమ్మ పక్కకు కూసుండేదాన్ని. మాకు కథంత గిట్లనే కనబడ్డది."

వాళ్లమ్మ పోయి అప్పటికి చాలా ఏళ్లు. బతికినన్నాళ్లూ పటం వెనుక నిలబడి గుడ్డ లాగింది ఆమే. ఐలయ్య కర్ర గుంజకు ఆనించి వెనక్కి వచ్చాడు. చెప్పేసిన కథ తాడు మీద నుంచి కిందికి వేలాడుతోంది. రాసిన వైపే ఇటు తిరిగి, ఆవులూ చెట్లూ మనుషులూ తలకిందులుగా కనిపిస్తున్నారు. ఆయన వంగి ఒక ఆవును చూశాడు, మెడ వంచి మళ్లీ చూశాడు. ఆ కథను ఎన్ని ఊళ్లలో చెప్పాడో ఆయనకే లెక్క లేదు. దాన్ని అటు నుంచి ఎప్పుడూ చూడలేదు.

"మీ అమ్మకు గిట్ల కనబడేదా?" అన్నాడు.

లలిత తలూపింది. ఆయన లలిత వీపు మీది కొంగును సరిచేశాడు, చంటిపిల్ల గౌను సరిచేసినట్టు. చెప్పిన కథ వెనుకకే పడాలె అన్నాడు. చీర మార్చుకోవద్దన్నాడు.

ఆ సాయంత్రం లలిత కథ చెప్పింది. గొంతు మొదట వణికింది, మంద అడవిలోకి వెళ్లేసరికి నిలబడింది. ఆమె బొమ్మ చూపించడానికి పటం వైపు తిరిగినప్పుడల్లా జనానికి ఆ వీపు మీది ఆవులు కనిపించేవి. మొదటి వరుసలోని ముసలివాళ్లు ఏమైనా అంటారేమో అని నేను వాళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఒక ముసలాయన పక్కవాడితో, గా చీర పటం చుట్టినట్టున్నది చూడు అన్నాడు, అంతే. ఐలయ్య జనంలో కూర్చోలేదు. వెనక్కి వెళ్లి, భార్య నిలబడ్డ చోట నిలబడి గుడ్డ లాగాడు. పద్మక్క ఆయన పక్కన పీట వేసుకుని ఆ పూట కథంతా వెనుక నుంచే చూసింది. నేను ముందు నుంచి చూశాను. తిరిగి వస్తూ ఆమె చూసింది ఆమె, నేను చూసింది నేను చెప్పుకున్నాం. రెండూ ఒక కథలా లేవు.

వాళ్ల కథ అయిదు సాయంత్రాల కథ. ఆ ఎర్రచీర మొదటి సాయంత్రానిది. బయలుదేరేటప్పుడు పద్మక్క ఐలయ్య చేతులు పట్టుకుని, ఒక్కొక్క సాయంత్రానికి ఒక్కొక్క చీర కూర్చి ఇస్తానని మాట ఇచ్చింది. రెండోది ఇచ్చింది కూడా. అందులో ఆవులు లేవు, అడవి ఉంది, భుజం మీద చెట్ల కొమ్మలు రెండు వైపుల నుంచీ వచ్చి కలుస్తాయి. మూడోదానికి రంగులు వేరు చేస్తూ ఉండగానే జబ్బు పడింది. దవాఖానలో మంచం మీద ఉండి కూడా నర్సు శాలువా అంచు తిరగేసి చూసింది.

ఇప్పుడు మిషన్లు బాగుచేయించాను, తానులు కొత్తవి తెచ్చాను. మొన్న లలిత చెల్పూర్ నుంచి ఫోన్ చేసి నీళ్ల గురించి అడిగింది, చీర మాట ఎత్తలేదు. నేనే ఎత్తాను. మూడో సాయంత్రం కథలో తప్పిపోయిన మంద ఇంటికి తిరిగి వస్తుంది. అంటే ఆవులు వీపు మీద బయలుదేరి, భుజం దాటి ముందుకు రావాలి. భుజం మీద ఉన్న ఆవు అప్పుడు ఎటు చూస్తూ ఉండాలి? ఎన్ని జానలు పడుతుందో నేను చెప్పగలను. ఆవు ముఖం సంగతి చూసుకునే మనిషి లేదు. తెల్ల చీరకు ఈసారి ముడులు వేయలేదు. కాగితంతో ఆవులను కత్తిరించి గుండుసూదులతో గుచ్చుతున్నాను. రోజూ దుకాణం కట్టేసే ముందు ఆ చీర నేనే కప్పుకుని, కొత్త అద్దంలో ముందొకసారి, మెడ తిప్పి వెనుకొకసారి చూసుకుంటున్నాను. ఇస్తామన్నవి అయిదు, ఇచ్చినవి రెండు. బాకీ మూడు.